రాకపోకల ఆంక్షల వల్ల అంటువ్యాధి ఎంత తగ్గిందో లెక్కించడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. గాలి ద్వారా సోకే ఒక అంటువ్యాధికి సంబంధించి, ఒక ప్రాంతంలో రోజువారీగా నమోదైన కేసుల సంఖ్య, అదే కాలానికి మొబైల్ ఫోన్ల నుంచి సేకరించిన రాకపోకల సూచిక నా దగ్గర ఉన్నాయి. ఆంక్షలు అమలులోకి వచ్చిన నాలుగో రోజు నుంచే కేసులు తగ్గుముఖం పట్టినట్టు గ్రాఫులో స్పష్టంగా కనిపిస్తోంది. ఆంక్షలకు ముందు రెండు వారాల సగటును, తర్వాతి రెండు వారాల సగటును పోల్చి, ఆ తేడా మొత్తాన్ని ఆంక్షల ఫలితంగా చూపవచ్చా? రెండు శ్రేణుల మధ్య సహసంబంధం (ఒకటి మారితే రెండోది కూడా మారే తీరు) కూడా చాలా బలంగా వస్తోంది. అయితే ఇంత సులువుగా తేలిపోవడమే నన్ను కలవరపెడుతోంది. ఎందరి జీవనోపాధినో నిలిపివేసిన నిర్ణయం గురించి చెప్పబోయే అంకె కాబట్టి, తొందరపడి తప్పు చెప్పకూడదని నా ఆరాటం.

జవాబు 1

మీ అనుమానం సరైనదే. ముందుగా ఆ నాలుగో రోజు సంగతి చూద్దాం. కేసుల పట్టికలో ఒక్క వరుసను ఊహించుకోండి: ఒక వ్యక్తికి ఒకటో తేదీన వ్యాధి సోకింది, ఆరున జ్వరం మొదలైంది, ఎనిమిదిన పరీక్ష చేయించుకున్నారు, ఫలితం వచ్చి పదో తేదీన పట్టికకెక్కారు. ఆంక్షలు ఒకటో తేదీన మొదలయ్యాయనుకుంటే, నాలుగున పట్టికకెక్కిన వారిలో దాదాపు అందరికీ వ్యాధి అంతకు ముందే సోకి ఉంటుంది. కాబట్టి ఆ రోజు కనిపించిన తగ్గుదల ఆంక్షల వల్ల వచ్చింది కాదు. జనం ముందే జాగ్రత్తపడి ఉండవచ్చు. లేదా రాకపోకలు ఆగిపోవడంతో పరీక్షా కేంద్రాలకు చేరలేకపోయి ఉండవచ్చు. ఈ రెండోదాన్ని చాలామంది మరచిపోతారు. ఆ కాలంలో రోజుకు ఎన్ని పరీక్షలు జరిగాయో, వాటిలో ఎన్ని పాజిటివ్‌గా తేలాయో తప్పక చూడండి.

అలాగని కేసుల గీతను పది రోజులు వెనక్కి జరిపితే సరిపోతుందనుకోవద్దు. కొందరు అయిదు రోజులకే పట్టికలోకి వస్తారు, కొందరు మూడు వారాలకు గానీ రారు. అందువల్ల సోకడం ఒక్క రోజులో ఆగినా, కేసుల్లో అది ఏటవాలుగా దిగుతుంది. దాన్ని సగటు మేరకు వెనక్కి జరిపితే, తగ్గుదల ఆంక్షలకు ముందే మొదలైనట్టు అబద్ధపు చిత్రం కనబడుతుంది. లక్షణాలు మొదలైన తేదీలు దొరికితే వాటిని వాడండి. లేకపోతే జాప్యాల పంపిణీని, అంటే ఎంతమందికి ఎన్ని రోజుల ఆలస్యం ఉంటుందో ఆ లెక్కను, మోడల్‌లో చేర్చి, సోకిన తేదీలను అంచనా వేయండి. చివరి కొద్ది రోజుల లెక్క ఎప్పుడూ అసంపూర్ణంగానే ఉంటుంది కనుక, అక్కడి తగ్గుదలను నమ్మకండి.

పోల్చవలసింది కూడా కేసుల సగటును కాదు, ఒక్కో రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతోందో చెప్పే పునరుత్పత్తి సంఖ్యను. అది 2.5 నుంచి 1.2కు పడిపోయినా కేసులు పెరుగుతూనే ఉంటాయి, ఆంక్షలు మాత్రం పనిచేసినట్టే.

ఇక అసలు విషయం. ‘రాకపోకల ఆంక్షలు’ అన్న ఒక్క మాట కింద రెండు వేరు వేరు పనులున్నాయి. ఊరి నుంచి ఊరికి ప్రయాణాలు ఆపడం వ్యాధి రాకను ఆలస్యం చేస్తుంది. ఊరిలోపల తిరగడం తగ్గించడం వ్యాప్తి వేగాన్ని తగ్గిస్తుంది. మొదటిదాని బలాన్ని అంచనా వేయడానికి ఒక చిన్న లెక్క చాలు. వ్యాధి మొదలైన చోట కేసులు 5 రోజులకొకసారి రెట్టింపు అవుతున్నాయనుకుందాం. అక్కడి నుంచి వచ్చేవారిని సగానికి తగ్గిస్తే లాభం ఒక్క రెట్టింపు కాలం, అంటే 5 రోజులు మాత్రమే. 90 శాతం తగ్గిస్తే సుమారు 17 రోజులు, 99 శాతం తగ్గిస్తే సుమారు 33 రోజులు. వచ్చేవారు తగ్గుతున్నా, వారిలో రోగుల నిష్పత్తి రెట్టింపవుతూ పోవడమే ఇందుకు కారణం. ఉహాన్ నగరానికి 2020 జనవరి 23న ప్రయాణాలు ఆపేసినప్పుడు, ఆ తర్వాత వెలువడిన ఒక మోడల్ అంచనా ప్రకారం చైనా ప్రధాన భూభాగంలో వ్యాప్తి ఆలస్యమైంది 3 నుంచి 5 రోజులే. అదే అంచనాలో ఇతర దేశాలకు చేరే కేసులు మాత్రం ఫిబ్రవరి మధ్య వరకు దాదాపు 80 శాతం తగ్గాయి. చైనాలోని ఇతర నగరాలకు వ్యాధి సోకిన ప్రయాణికులు అప్పటికే చేరిపోయారు కాబట్టే ఇంత తేడా. మీరు కొలుస్తున్నది వీటిలో ఏదో ముందు తేల్చుకోండి.

జవాబు 2

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే తేదీలన్నీ సరిచేసుకున్నా ఒక చిక్కు మిగులుతుంది: ఆంక్షలు లేకపోయి ఉంటే ఏం జరిగేది? ‘ముందు–తర్వాత’ పోలిక దీనికి జవాబివ్వలేదు, ఎందుకంటే ఆంక్షలకు దారితీసిన భయమే జనాన్ని కూడా ఇంట్లో ఉంచుతుంది. అమెరికాలో 2020 వసంతకాలపు ఫోన్ డేటాతో, ఒకే జనజీవనంలో భాగమై ఉండి ఆదేశాలు మాత్రం వేరువేరుగా ఉన్న పొరుగు ప్రాంతాలను పోల్చి చూశారు. దుకాణాలకు, ఇతర వ్యాపారాలకు వెళ్లడం 60 శాతం పడిపోతే, ఆ 60లో చట్టపరమైన ఆదేశాల వాటా 7 మాత్రమేనని తేలింది. మిగిలిన తగ్గుదలలో ఎక్కువ భాగం జనం తమంతట తాము చేసుకున్న మార్పు. మీరు మొత్తం తగ్గుదలను ఆదేశం ఖాతాలో వేస్తే, ఇలాంటి చోట ఎంత పెద్ద పొరపాటు జరుగుతుందో చూడండి.

అందుకే పోలికకు తగిన జోడీ కావాలి. చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన జోడీ నాకు తెలిసి లేదు: 1918 నవంబరు 7న ఆక్లాండ్ నుంచి ‘తలూనే’ అనే నౌక ఇన్‌ఫ్లుయెంజా రోగులతో పసిఫిక్ మహాసముద్ర ద్వీపాలైన పశ్చిమ సమోవాలోని ఆపియా రేవుకు చేరింది. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే అక్కడి జనాభాలో ఐదో వంతుకు పైగా మరణించారు. పొరుగునే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ నౌకలపై కఠినమైన క్వారంటైన్ విధించారు. అక్కడ ఆ వ్యాధితో ఒక్కరూ చనిపోలేదు. ఒకే భాష, ఒకే ప్రజలు, నౌక ఆగిందా లేదా అన్నదే ప్రధానమైన తేడా. ఆ మరణాల సంఖ్య చదివినప్పుడల్లా నాకు మనసు కలచివేసినట్టవుతుంది. కానీ ఈ ఫలితాన్ని రోడ్లతో ముడిపడిన ప్రాంతానికి వర్తింపజేయకూడదు. ద్వీపానికి ఉన్న దారి ఒక్క రేవు, అప్పటికి లోపల వ్యాధి లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక రాకపోకల సూచికను ఒక్కో రోజు చొప్పున మళ్లీ చూశాను. ఆదేశం వెలువడడానికి ఆరు రోజుల ముందే అది పడిపోవడం మొదలైంది. ఆదేశం నాటికే మొత్తం తగ్గుదలలో సగానికి పైగా జరిగిపోయింది. రోజువారీ పరీక్షల సంఖ్య కూడా ఆంక్షల మొదటి వారంలో బాగా తగ్గింది. నాలుగో రోజు చిక్కు ఇక్కడే వీడిందనిపిస్తోంది. పునరుత్పత్తి సంఖ్యపై రిగ్రెషన్ (ఏ అంశం దాన్ని ఎంత మారుస్తుందో అంచనా వేసే గణాంక సమీకరణం) వేసి, అందులో ఆదేశాన్ని, రాకపోకల సూచికను రెండింటినీ కలిపితే, ఆదేశం గుణకమే, అంటే ఆ సమీకరణంలో ఆదేశానికి వచ్చే అంకే, దాని ప్రభావం అవుతుందా?

జవాబు 3

కాదు. ఆదేశం పనిచేసేదే ప్రధానంగా రాకపోకలను తగ్గించడం ద్వారా. రెండింటినీ ఒకే సమీకరణంలో ఉంచితే, ఆదేశం చేసిన పనిని సూచిక లాగేసుకుంటుంది, ఆదేశం గుణకం సున్నా దగ్గరికి వస్తుంది, అప్పుడు ‘ఆంక్షలు వృథా’ అని మీరు పొరపాటున రాస్తారు. రెండు మెట్లుగా వెళ్లండి: ఆదేశం రాకపోకలను ఎంత తగ్గించింది, రాకపోకలు తగ్గడం పునరుత్పత్తి సంఖ్యను ఎంత తగ్గించింది. మొదటి మెట్టులోనే, ఆదేశం ఆలస్యంగా వచ్చిన పొరుగు ప్రాంతాలను పోలికకు తీసుకోండి.

రెండో మెట్టులో కూడా ఒకే గుణకం కాలమంతా నిలుస్తుందని అనుకోవద్దు. కోవిడ్ కాలంలో 52 దేశాల డేటాను పరిశీలించిన ఒక అధ్యయనంలో, మొదట్లో రాకపోకలు తగ్గిన కొద్దీ వ్యాప్తి తగ్గడం చాలా దేశాల్లో కనిపించింది. ఆంక్షలు సడలించాక మాత్రం ఆ బంధం ఎక్కువ చోట్ల వదులైంది. ఫోన్ ఎక్కడుందో టవర్‌కు తెలుస్తుంది గానీ, దాన్ని పట్టుకున్న మనిషి మాస్కు వేసుకున్నాడో, కిటికీలు మూసిన గదిలో పదిమంది మధ్య కూర్చున్నాడో తెలియదు.

పరీక్షలు తగ్గాయన్నారు కనుక, కేసులతో పాటు ఆసుపత్రిలో చేరికల శ్రేణి దొరికితే దానితో కూడా ఇదే లెక్క చేసి చూడండి. ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య పరీక్షలపై అంతగా ఆధారపడదు. సోకిన రోజుకూ చేరిన రోజుకూ మధ్య జాప్యం వేరుగా ఉంటుంది కాబట్టి, దాని పంపిణీని విడిగా అంచనా వేసుకోవాలి.