స్టీల్ స్నేర్ మెత్తగా మోగుతుందా, చెక్కది కొనాల్సిందేనా?

గుంటూరు_బీట్:
మా చర్చిలో ఉన్నది 14 అంగుళాల స్టీల్ స్నేర్ (కింది స్కిన్‌కి ఆనుకుని వైర్లు ఉండే డ్రమ్ము), లోతు 5.5 అంగుళాలు. హాలు చిన్నది, డెబ్భై మంది పడతారు, పైన స్లాబు, కింద టైల్స్. నేను దెబ్బ వేస్తే ముందు వరసలో పెద్దమ్మలు చెవులు మూసుకుంటున్నారు. మొన్న ఆదివారం పాస్టరుగారు "బాబూ, పాట కంటే నీ డబ్బానే ఎక్కువ వినపడుతోంది" అన్నారు. కీబోర్డ్ వాయించే అన్నేమో మేపుల్ చెక్కతో చేసిన స్నేర్ కొనేయమంటున్నాడు. కమిటీని డబ్బులడిగి, కొన్నాక తేడా లేకపోతే పోయేది నా పరువే. ఏం చేయమంటారు?

చెక్కమనిషి:
మీ అన్న చెప్పింది కరెక్ట్. స్టీల్‌లో ఆ ఖంగుమనే మోత చాలాసేపు నిలుస్తుంది, మేపుల్, మహాగనిలో అది తగ్గి సౌండ్ గుండ్రంగా వస్తుంది. ఎంత ట్యూన్ చేసినా స్టీల్ స్టీలే.

పాతకీ:
పదేళ్లుగా పెళ్లి బ్యాండ్లలో వాయిస్తున్నా, చెక్క స్నేర్ మీద రిమ్ షాట్ (స్కిన్‌నీ అంచునీ ఒకేసారి తాకే దెబ్బ) కొట్టినా చెవులు గుయ్యిమంటాయి. మెత్తగా ఉండటం వేరు, తక్కువ మోగడం వేరు, రెండూ కలిపేయకండి. తమ్ముడూ, పై స్కిన్ ఎప్పుడు మార్చావు? ఎంత బిగించావు?

గుంటూరు_బీట్:
మార్చలేదన్నా. డ్రమ్ముతో పాటు వచ్చిన క్లియర్ స్కినే, మధ్యలో గుంట కూడా పడింది. సౌండ్ బాగోకపోతే మరలు బిగించే కీ పెట్టి ఇంకో తిప్పు తిప్పుతుంటా, అంతే.

పాతకీ:
అదీ సంగతి! డప్పు కాచినట్టు బిగిస్తూ పోతే మోత పైపైకి పోయి చెవిలో గుచ్చుకోదూ? ముందు పైన పూత ఉండే కోటెడ్ స్కిన్ వెయ్యి, రెమో కంపెనీ అంబాసిడర్ లాంటిది, 10 మిల్ మందం (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). మరలన్నీ చేత్తో బిగించి, ఆ తర్వాత కీతో ఒక్కోటి అర తిప్పు చొప్పున, ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్నవి వరసగా. ప్రతి మర దగ్గరా అంచు నుంచి అంగుళం లోపల కర్రతో తట్టి విను, అన్నీ ఒకే స్వరం పలకాలి. కింది స్కిన్ 3 మిల్లే ఉంటుంది, చూడటానికి పల్చగా ఉన్నా దాన్ని పైదానికంటే టైట్‌గానే ఉంచు. ఇక వైర్లు: పూర్తిగా లూజ్ చేసి, మధ్యలో వేలితో మెల్లగా తడుతూ నాబ్ తిప్పు, వైర్లు పలకడం మొదలయ్యాక ఇంకొంచెం తిప్పి ఆపెయ్. అందరూ వైర్లను పీక నొక్కినట్టు బిగిస్తారు, ఇక మెల్లగా కొడితే పలకదు, గట్టిగా బాదాల్సి వస్తుంది.

టీటవల్:
ఇంత తతంగం దేనికండీ? బీటిల్స్ రికార్డింగుల్లో వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ డ్రమ్ముల మీద టీ టవళ్లు వేసుకుని వాయించాడు. ఒక గుడ్డ కప్పెయ్యి.

పాతకీ:
ఆయన డ్రమ్ముకి మైకు దగ్గరగా ఉందండీ. మైకు లేని హాల్లో టవల్ వేస్తే అట్టపెట్టె కొట్టినట్టుంటుంది. పాత స్కిన్ పారేయకుండా అంచు నుంచి అంగుళం వెడల్పు రింగు కత్తిరించి పైన పెట్టుకో, పైసా ఖర్చు లేదు.

చెక్కమనిషి:
ఇన్ని రిపేర్లు చేసేకన్నా ఒక్కసారి మంచిది కొనుక్కుంటే పోదా? రెండో డ్రమ్ము పక్కన పెట్టి వింటే తేడా మీకే తెలుస్తుంది.

గుంటూరు_బీట్:
రెండు వారాలైంది. కోటెడ్ స్కిన్, పాత స్కిన్ రింగు వేశా, మెల్లటి పాటలకి కర్రలు మానేసి సన్నటి తీగల బ్రష్‌లు పట్టా. పూత గరుకుగా ఉండటం వల్ల బ్రష్ రుద్దుతుంటే శ్‌శ్ అని భలే వస్తోంది, క్లియర్ స్కిన్ మీద అదే రాలేదు. పెద్దమ్మలు చెవులు మూసుకోవట్లేదు. స్పీడు పాటల్లో మాత్రం కర్ర పడితే ఇంకా ఖంగుమంటోంది, అక్కడ చెక్కమనిషి గారి మాటే నిజమేమో. ఇంకో తంటా ఉంది, కీబోర్డ్ అన్న ఎడమచేత్తో బేస్ నొక్కినప్పుడల్లా నా వైర్లు వాటంతటవే గురగురలాడుతున్నాయి.

పాతకీ:
అది ఏ స్నేర్‌కైనా ఉండేదే, చెక్కదైనా అంతే. కింది స్కిన్ బిగింపు కొంచెం మార్చి చూడు, తగ్గొచ్చు. నువ్వు వాయించని చోట వైర్లను స్కిన్ నుంచి వదిలించే లివర్ దించెయ్. ప్రార్థన మొదలవగానే చెయ్యి ముందు దాని మీదకే వెళ్లాలి.