చెట్ల కొమ్మలు కొట్టించాలంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే పిలవాలా?

హరళూరు సెక్రటరీ:
మా అపార్ట్‌మెంట్‌లో ఆరు నిద్రగన్నేరు చెట్లున్నాయి. బెంగళూరులో అందరూ రెయిన్ ట్రీ అంటారు. ఏప్రిల్ చివర మొదటి గాలివానకే ఒక కొమ్మ విరిగి రెండు కార్ల మీద పడింది. అంతకు ముందు ఏడాదే 18 వేలిచ్చి కొమ్మలు కొట్టించాం. అందుకే ఈసారి జనరల్ బాడీలో తీర్మానం పెడుతున్నా: ఐఎస్ఏ, అంటే అంతర్జాతీయ ఆర్బొరికల్చర్ సొసైటీ సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్ (చెట్ల సంరక్షణ నిపుణుడు) లేనిదే చెట్టు మీద రంపం పెట్టకూడదు. మూడేళ్ల అనుభవమో, చదువుతో కలిపి కొంత అనుభవమో చూపిస్తేనే ఆ పరీక్షకు కూర్చోనిస్తారు. 200 ప్రశ్నలు. మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. మీరేమంటారు?

మారతహళ్లి మూడో క్రాస్:
సరైన పని. మా వీధిలో తురాయి చెట్టును మోడు చేసి పోయారు.

మదనపల్లె మోకు:
అన్నా, మా నాయన తాటిచెట్లు ఎక్కేవాడు. నేను 22 ఏళ్లుగా బెంగళూరులో కొమ్మలు కొడుతున్నా. ఏ కొమ్మ నా బరువు ఆపుతుందో, ఏది ఆపదో కాలు పెడితే తెలుస్తుంది. అది ఏ పరీక్షలో అడుగుతారు? ఆ 200 ప్రశ్నలు ఇంగ్లీషులో చదివి రాసేవాడు చెట్టెక్కే పనికి ఎందుకొస్తాడు?

కానుగ నీడ:
సెక్రటరీ గారూ, పడిన కొమ్మ ఎక్కడ విరిగింది? పాత కోత దగ్గరేనా? చెట్టు తల నరికితే ఆ మోడు చుట్టూ గుబురుగా కొత్త కొమ్మలు వస్తాయి. అవి పైపైన అతుక్కుని ఉంటాయి కానీ లోపలి చెక్కలో పట్టు ఉండదు. లావెక్కేకొద్దీ గాలికి ఊడిపోతాయి.

హరళూరు సెక్రటరీ:
పాత కోత దగ్గరే. నాలుగేళ్ల కింద పైన తల తీయించాం. అదే నేను చెప్పేది, తెలియనివాడు చేసిన పని.

మదనపల్లె మోకు:
తల తీయమన్నది ఎవరన్నా? నేను ఎన్ని లేఔట్లలో చూడలేదు! బాల్కనీకి ఎండ రావడం లేదు, ఆకులు రాలుతున్నాయి, సగానికి కొట్టెయ్ అంటారు. వద్దు సార్ అంటే వేరేవాణ్ని పిలుస్తారు.

కానుగ నీడ:
మీరు కొమ్మను మానుకు ఆనించి నున్నగా కోస్తారా, మొదట్లో ఉండే ఉబ్బు వదిలి కోస్తారా?

మదనపల్లె మోకు:
నున్నగానే. తర్వాత పెయింట్ కొడతాం. ముప్పై ఏళ్లుగా అందరూ చేసేది అదే.

కానుగ నీడ:
అక్కడే చెట్టు చెడుతోంది. ఆ ఉబ్బులోనే గాయాన్ని మూసే కణజాలం ఉంటుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా కోసి చూశాడు. చెట్టు గాయం మన చర్మంలా మానదు. కుళ్లు పాకకుండా చెట్టు లోపల గోడలు కట్టుకుంటుంది. ఉబ్బు కోసేస్తే ఆ గోడ బలహీనపడుతుంది. పెయింట్ కుళ్లును ఆపదు.

మదనపల్లె మోకు:
పెయింట్ కొట్టకపోతే ఇంటివాళ్లే డబ్బులు కోస్తారమ్మా. పెయింట్ గురించి వాళ్లకు చెప్పండి.

హరళూరు సెక్రటరీ:
పెయింట్ సంగతి పక్కన పెట్టండి. పోయినసారి వచ్చినవాళ్లు హెల్మెట్ లేదు, బెల్ట్ లేదు, చెప్పులు కూడా లేకుండా ఎక్కారు. మీలాంటివాళ్లకు కాగితం అంటేనే భయం.

మదనపల్లె మోకు:
మీలాంటివాళ్లు అన్నారు కాబట్టి చెబుతున్నా. మూడేళ్ల కింద మా చిన్నాన్న కొడుకు ఒక లేఔట్‌లో సిల్వర్ ఓక్ ఎక్కాడు. కొమ్మ తిరగబడి నడుముకు తగిలింది. తాడు మీద నలభై నిమిషాలు వేలాడాడు. కింద మేం నలుగురం ఉన్నాం, దించడం ఎవరికీ చేతకాలేదు. ఆసుపత్రికి రెండు లక్షల పైన అయింది. ఆ అసోసియేషన్ వాళ్లు, అతనెవరో మాకు తెలియదు, కాంట్రాక్టర్‌ను అడగండి అన్నారు. చెట్టుకు అనుమతి కాగితం ఫైల్లో ఉంది. మా వాడి పేరు ఎక్కడా లేదు. మీరడిగే కాగితం చెట్టుకోసమా, కారుకోసమా, ఎక్కేవాడికోసమా?

మారతహళ్లి మూడో క్రాస్:
ఇప్పుడెలా ఉన్నాడు?

మదనపల్లె మోకు:
నడుస్తాడు. చెట్టెక్కడు.

హరళూరు సెక్రటరీ:
ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా టెన్షన్ కూడా వినండి. కార్ల వాళ్లు రిపేరు డబ్బు నన్నే అడుగుతున్నారు. నాకు జీతం లేని పదవి ఇది. రేపు ఎవరైనా పడితే స్టేషన్‌కు పిలిచేది నన్నే. సరైన మనిషినే పెట్టాం అని చూపించడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

కానుగ నీడ:
అయితే మీరిద్దరూ రెండు వేరే కాగితాల గురించి మాట్లాడుతున్నారు. ఆర్బరిస్ట్ పరీక్ష రాతపరీక్ష మాత్రమే. అందులో ఎవరూ చెట్టెక్కరు. ఎక్కేవాళ్లకు ఐఎస్ఏలోనే వేరే సర్టిఫికెట్ ఉంది. అందులో తాడుతో ఎక్కి చూపించాలి, పైన గాయపడినవాణ్ని కిందికి దించి చూపించాలి. తీర్మానంలో మొదటిది ఒక్కటే రాస్తే, ఆర్బరిస్ట్ సార్ కింద నిలబడి చెబుతారు, పైన మళ్లీ చెప్పుల్లేనివాడే ఉంటాడు.

మదనపల్లె మోకు:
దించడం నేర్పిస్తారా? నిజంగానా? చెట్టు మీదే?

కానుగ నీడ:
అవును, పరీక్షకు ముందు శిక్షణలో నేర్చుకోవాలి. పైన వేలాడుతున్నవాణ్ని ఇంకొకరు ఎక్కి దించాలి.

మదనపల్లె మోకు:
అది మా పిల్లలు నలుగురికీ కావాలి. ఆర్బరిస్ట్ సంగతి నాకొద్దు, ఇది కావాలి. ఫీజు ఎవరు కడతారు?

హరళూరు సెక్రటరీ:
అది కాంట్రాక్టర్ చూసుకోవాలి కదా.

మదనపల్లె మోకు:
కాంట్రాక్టర్ నేనే అన్నా. ఆరు చెట్లకు 18 వేలు. క్రేన్‌కు, మనుషులకు, కొమ్మలు తీసుకెళ్లే లారీకి పోగా మిగిలేదెంతో మీరే లెక్క వేయండి.