ఆసియోఇంటిగ్రేషన్‌కి "అతుక్కోవడం" సరిపోతుందా?

ప్రశ్న: టైటానియం ఇంప్లాంట్ల పూతల మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆసియోఇంటిగ్రేషన్ అన్నచోట "ఎముక లోహానికి అతుక్కోవడం" అని రాశాను. "అస్థి ఏకీకరణం" మరీ నిఘంటువు వాసన కొడుతోంది. ఏది మేలంటారు?

జవాబు: "అతుక్కోవడం" వద్దండి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, అక్కడ రెండువైపులా ఎముకే. పైగా అతుకు అనగానే నడుమ జిగురో టంకమో ఉందనిపిస్తుంది. ఆసియోఇంటిగ్రేషన్ అన్న మాట పుట్టించిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ చెప్పింది సరిగ్గా దానికి విరుద్ధం: సూక్ష్మదర్శినిలో చూస్తే బతికున్న ఎముకకీ లోహానికీ మధ్య పీచు కణజాలం ఉండకూడదు. నేనైతే "ఎముక పట్టడం" అంటాను. నాచు పట్టినట్టు పెరగడం, పట్టు దొరికినట్టు బిగియడం, రెండూ ఆ ఒక్క క్రియలో ఉన్నాయి.

ఇంకొకరు: బాగుంది, కానీ రెండు రకాలు కలిసిపోతున్నాయి. హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం లాంటిది) పూత మీద ఎముక పైపైన పెరుగుతుంది. సుమారు 100 నుంచి 400 మైక్రాన్ల రంధ్రాలున్న ఉపరితలమైతే లోపలికి దిగుతుంది. "పైపట్టు", "లోపట్టు" అని విడగొట్టండి. ఇంప్లాంటు 150 మైక్రాన్లకి మించి కదులుతుంటే రెండూ దక్కవు, పీచు పొరే మిగులుతుంది.

ప్రశ్నించినవారు: మరి కోటింగ్‌ని "తాపడం" అనొచ్చా?

మొదటి జవాబుదారు: తాపడం రేకుతో చేసేది. "కళాయి" కూడా కుదరదు, తగరం రాగితో కలిసి మిశ్రమ పొర కడుతుంది. ఇంప్లాంట్లకి ఈ పూత వేసే ప్లాస్మా స్ప్రే పద్ధతిలో పొడి జ్వాలలో కరిగి, చుక్కలుగా లోహానికి తగిలి, చదునై గడ్డకడుతుంది. దాన్ని ప్రధానంగా గరుకే పట్టి ఉంచుతుంది. అందుకే ముందు అల్యూమినా రేణువులు కొట్టి గరుకు చేస్తారు. కాబట్టి "పూత" చాలు. మందం మామూలుగా 50 నుంచి 200 మైక్రాన్లు. ఎక్కువైతే చల్లారేటప్పుడు లోపల మిగిలిన ఒత్తిడికి లేచిపోతుంది. ఇలా పూత లేచిపోవడాన్నే డీలామినేషన్ అంటారు, దానికి "పెచ్చులూడటం" అన్న మాట మనకి ముందే ఉంది కదా.

ఇంకొకరు: ఒక్క చిక్కు. వేడి మితిమీరితే హైడ్రాక్సీఅపటైట్ విడిపోయి ట్రైకాల్షియం ఫాస్ఫేట్, కాల్షియం ఆక్సైడ్ వస్తాయి, కొంత స్ఫటికం కాకుండా మిగులుతుంది. ఇవి ఒంట్లో త్వరగా కరుగుతాయి. జ్వాలలో కరగడమూ మనకి కరగడమే, ద్రవంలో కరగడమూ కరగడమే! "పూత కరిగింది" అని ఊరుకుంటే చదివేవాడు వేడికి అనుకుంటాడు. ప్రతిచోటా "వేడికి" అనో, "శరీర ద్రవాల్లో" అనో చేర్చండి.