స్క్రూ స్పానర్‌కి రింగు వెల్డింగ్ చేయించి వాడటం సబబేనా?

ట్రస్‌తోడు
స్టేజి లైటింగ్‌లో 8 ఇంచుల స్క్రూ స్పానర్‌ని (దవడ వెడల్పు మార్చుకునే రకం) ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకుంటున్నారు. కొందరు పిడి చివర రింగు వెల్డింగ్ పెట్టించి లాన్యార్డ్ (చేయి జారినా పనిముట్టు కింద పడకుండా పట్టే తాడు) తగిలిస్తారు. కొందరు పిడికి ఉన్న బెజ్జంలోనే తాడు వేస్తారు. పిడిని రెండు ఇంచులు కోసి స్లీవ్ తొడిగేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు? కారణంతో రాయండి. లైటుని పైపుకి పట్టించే క్లాంప్ బోల్టు ఎం12 (12 మి.మీ. మర), పైపు 48 నుంచి 50 మి.మీ. అనుకుందాం.

హుక్‌క్లాంప్
వెల్డింగే మేలు. బెజ్జం అంచు పదునుగా ఉంటుంది, నాలుగు ప్రోగ్రాములకి తాడు పీచులు లేస్తుంది. రింగు పెడితే కారాబైనర్ (తాడు చివరి స్ప్రింగు కొక్కెం) అన్ని వైపులా తిరుగుతుంది, తాడు మెలిపడదు. వేడికి ఉక్కు గట్టిదనం పోతుందంటారు గానీ, పని చేసేది దవడ. అది పిడి చివరికి 15 సెం.మీ. పైనే దూరం. మధ్యలో తడిగుడ్డ చుడితే అక్కడిదాకా వేడి పోదు.

ఉక్కుపదును
దవడకి వేడి తగలదన్నది నిజమే అన్నా. ఇక్కడ భయం దవడ గురించి కాదు, అతుకు గురించి. ఈ స్పానర్లు ఎక్కువగా క్రోమ్ వెనేడియం ఉక్కు, కాల్చి చల్లార్చి గట్టిపరిచినవి. ముందు వేడి చేయకుండా టాకా వేస్తే అతుకు చుట్టూ లోహం గబుక్కున చల్లారి పెళుసవుతుంది. తడిగుడ్డ చుడితే ఇంకా తొందరగా చల్లారుతుంది, అంటే ఇంకా పెళుసు. పైకి నున్నగా కనిపించే టాకా లోపల వెంట్రుకవాసి చీలికతో ఉండొచ్చు. జింకు పూత ఉన్న రింగు వేస్తే అతుకులో గాలి బుడగలు. పైన క్రోమ్ పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ వెల్డర్ ఊపిరితిత్తులకి చేటు.

లెక్క చూడండి. పావు కేజీ స్పానర్ 8 మీటర్ల పైనుంచి జారితే నేలకి వచ్చేసరికి గంటకి 45 కి.మీ. వేగం అందుకుంటుంది. అదే స్పానర్ సాగని వైరుకి వేలాడుతూ ఒక మీటరు పడి, ఒక్క సెంటీమీటరులో ఆగిందనుకోండి, అతుకు మీద సగటున 25 కేజీల గుంజు. చీలిక ఉన్న టాకా ఆ గుంజుకి ఊడితే, లాన్యార్డ్‌కి రింగు మిగులుతుంది, స్పానర్ కింద ఉన్నవాళ్ల నెత్తి మీద.

తాడు తెగడానికి మందు బెజ్జంలోనే ఉంది. గుండ్రటి ఆకురాయితో రెండు వైపులా అంచు కొట్టేసి, సన్న ఎమరీ కాగితంతో తిప్పి, వేలు పెట్టి చూస్తే గరుకు తగలకూడదు. అంతే, పది నిమిషాల పని. బెజ్జం లేని పిడి అయితే కోబాల్ట్ డ్రిల్ బిట్‌తో ముందు 3 మి.మీ., తర్వాత 6 మి.మీ. వేయండి. నిమిషానికి 400, 500 చుట్లు దాటనివ్వకుండా, కటింగ్ ఆయిల్ పోస్తూ, పిడి చివరి అంచుకి కనీసం 6 మి.మీ. లోపలికి. బిట్ కీచుమని జారుతుంటే ఆపేయండి. అలాగే నొక్కితే ఆ చోటు రుద్దుకుని ఇంకా గట్టిపడుతుంది, బిట్ మొండిబారుతుంది.

పార్64
పిడి కోయడానికీ కారణం ఉంది. బార్ మీద పార్ లైట్లు (డబ్బా ఆకారం స్టేజి లైట్లు) పక్కపక్కనే ఇరికిస్తే 8 ఇంచుల పిడి తిరగదు. పైగా పొడుగు పిడితో బలమంతా పెడితే బోల్టు అల్యూమినియం ట్రస్ (లైట్లు వేలాడదీసే చట్రం) గొట్టంలో దిగబడి గుంట పడుతుంది. క్లాంప్‌కి కావాల్సింది చేతి బిగువు, ఆపైన పావు చుట్టు.

ఉక్కుపదును
గుంట సంగతి ఒప్పుకుంటాను. అయినా పిడి కోస్తే బెజ్జం పోతుంది, లాన్యార్డ్‌కి చోటు ఉండదు. గ్రైండర్‌తో కోసినచోట ఉక్కు నీలం తేలితే దాదాపు 300 డిగ్రీలు తాకినట్టే. దాని బదులు 6 ఇంచుల స్పానర్ కొనండి. కొన్ని రకాల్లో 19 మి.మీ. నట్టుకి దవడ చివరిదాకా తెరవాల్సి వస్తుంది, అందుకే కొట్టులోనే 19 బోల్టు పెట్టి చూసుకోండి.

ఫేజ్‌న్యూట్రల్
స్లీవ్ గురించి ఒక మాట. హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) గానీ, ఇన్సులేషన్ టేపు గానీ పిడికి పట్టు ఇస్తుంది, షాకు నుంచి కాపాడదు. ఫేజుల మధ్య 415 వోల్టులు ఉన్న డిమ్మర్ ర్యాక్‌లో (లైట్ల వెలుగు తగ్గించి పెంచే పెట్టె) ఆ స్పానర్‌తో చెయ్యి పెట్టకండి. కరెంటు పనికి ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన పనిముట్లు వేరే ఉంటాయి, వాటి మీద రెండు త్రిభుజాల గుర్తు, 1000 వి అని ముద్ర ఉంటాయి. స్లీవ్ వేసేవాళ్లు బెజ్జం మూసేయకండి, లోపల చీలిక వచ్చినా కనపడదు. చీకట్లో కనపడాలంటే పిడి మెడ దగ్గర అంగుళం వెడల్పు రేడియం స్టిక్కర్ చాలు.

పదిహేడు_పంతొమ్మిది
అసలు స్క్రూ స్పానర్ ఎందుకు? 17-19 డబుల్ ఎండ్ స్పానర్‌లో ఊడే ముక్కే లేదు.

ట్రస్‌తోడు
పాత డిన్ (జర్మన్ ప్రమాణం) కొలతలో ఎం10 తల 17 మి.మీ., ఎం12 తల 19. ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) బోల్టులు వస్తే అవే 16, 18. కలగలుపు సామానులో మీ 19 స్పానర్ 18 తల మీద జారి మూలలు అరగదీస్తుంది. అందుకే అద్దె సామానుతో పనిచేసేవాళ్లు స్క్రూ స్పానర్ వదలరు.

పదిహేడు_పంతొమ్మిది
ఒప్పుకుంటున్నా. కానీ ఊడే ముక్క మాట అలాగే ఉంది. లాన్యార్డ్ పట్టేది పిడిని. దవడ, బొటనవేలితో తిప్పే చక్రం, దాని లోపలి పిన్ను, స్ప్రింగు దేనికీ తాడు లేదు. పిన్ను వదులైతే చక్రం జారిపోతుంది, వెనకే దవడ.

హుక్‌క్లాంప్
ఇది నేను లెక్కలోకి తీసుకోలేదు. వెల్డింగ్ వాదన వదిలేస్తున్నా. కారాబైనర్ తిరగడానికి బెజ్జంలో చిన్న షాకిల్ (పిన్నుతో మూసే యూ ఆకారం కొక్కెం) వేస్తే సరిపోతుందా? కీ రింగు మాత్రం వద్దు, గుంజుకి విచ్చుకుంటుంది.

ఉక్కుపదును
మర బిగించే షాకిల్ అయితే సరే, దాని పిన్నుకి సన్న కేబుల్ టై వేయండి. దవడ పిన్ను మరతో ఉన్న రకమైతే ఊడదీసి, నూనె తుడిచి, నీలం త్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించండి, రాత్రంతా ఆరనివ్వండి. ఎక్కువైతే చక్రంలోకి కారి తిరగడం మానేస్తుంది. లాన్యార్డ్ సాగే స్ప్రింగు రకం, పూర్తిగా సాగినా మీటరు లోపు. నైలాన్ 6 దాదాపు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వెలుగుతున్న హాలోజన్ పార్ డబ్బాకి ఆననివ్వకండి. పైకెక్కే ముందు కిందే ఒక పైపుకి కట్టి, స్పానర్‌తో పాటు అంతే బరువు అదనంగా వేసి, పూర్తి పొడవు నుంచి పదిసార్లు వదలండి. తర్వాత దవడ పూర్తిగా తెరిచి తలకిందులుగా ఊపండి. గలగలమంటే ఆ స్పానర్ నేల మీద పనికే.