అయిదు సీలింగు నమూనాల్లో ఒక్కదాంట్లోనే ఆస్‌బెస్టాస్ వచ్చింది. ఏరియాను విడగొట్టవచ్చా?

అమెరికాలో ఆస్‌బెస్టాస్ ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్ళు దయచేసి చెప్పండి.

1970ల నాటి స్కూలు భవనం. సీలింగుకు గరుకుగా స్ప్రే చేసిన పూత, 1,800 చదరపు అడుగులు. రంగు, గరుకుదనం అంతటా ఒకేలా ఉన్నాయని ఒకే ఏరియాగా లెక్కేసి 5 నమూనాలు తీశాం (వెయ్యి లోపైతే 3, అయిదు వేలు దాటితే 7 తీయాలి కదా). ముందు తడిపి, అడుగున బోర్డు కనిపించేదాకా తీసి, ప్రతిసారీ పనిముట్టు తుడిచాం.

పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోపులో నాలుగింట్లో ఏమీ కనబడలేదు. మెట్ల పక్కన తీసినదాంట్లో 2 శాతం క్రిసోటైల్ (ఆస్‌బెస్టాస్‌లో ఒక రకం) అని రాశారు, అదీ కంటి అంచనా. ఆ ముక్కను అడ్డంగా చూస్తే తెల్ల పూత కింద పలుచగా పసుపు పొర ఒకటి ఉంది. ల్యాబ్ రెండు పొరలకూ కలిపి ఒకే అంకె ఇచ్చింది. అంటే కింది పొరలో అసలు శాతం ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఇలాంటి నమూనాకు 400 పాయింట్ల లెక్క (మైక్రోస్కోపులో 400 బిందువులు చూసి, ఎన్నింటి మీద ఆస్‌బెస్టాస్ ఉందో లెక్కపెట్టడం) చేయించి, 1 శాతం లోపు వచ్చిందని వదిలేయడం నాకు సమ్మతం కాదు. కింద చదువుకునేది పిల్లలు.

ఒక్క నమూనా 1 శాతం దాటినా ఏరియా మొత్తం పాజిటివే, అందులో అనుమానం లేదు. నా సందేహం వేరు: పొరలు విడదీసి మళ్ళీ పరీక్ష చేయించాక, పసుపు పొర ఉన్నంత మేర వేరే ఏరియాగా చూపిస్తే చెల్లుతుందా? దాని హద్దు తేల్చడానికి ఎన్ని అడుగులకొక నమూనా తీస్తారు? పైనుంచి చూస్తే తేడా ఏమాత్రం తెలియడం లేదు.