పొదుపు సంఘంలో ఒక్కరే మాట్లాడుతుంటే సమాజ కార్యకర్త ఏం చేయాలి?

ప్రశ్న (ఎం.ఎస్.డబ్ల్యూ. అంటే సమాజ కార్యంలో పీజీ చదువుతున్న విద్యార్థిని, మహబూబ్‌నగర్ జిల్లా)

అందరికీ నమస్కారం. ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా 12 మంది సభ్యులున్న మహిళా పొదుపు సంఘంతో పనిచేస్తున్నాను. సమావేశంలో లీడరు ఒక్కరే మాట్లాడతారు. మిగిలినవారు డబ్బు కట్టి, తీర్మానాల పుస్తకంలో సంతకమో వేలిముద్రో పెట్టి లేచిపోతారు. ఎవరిని అడిగినా ముందు ఆమె ముఖం చూసి, "అక్క చెప్పినట్టే" అంటారు. ఇళ్లకు వెళ్లినప్పుడు మాత్రం వీరే ఎంతో వివరంగా మాట్లాడతారు. లీడరును మార్చుకోమని నేను సూచించవచ్చా?

జవాబు (స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, అనంతపురం)

ఆ సూచన మీ నోట రాకూడదమ్మా. బ్యాంకు చుట్టూ తిరిగేది, కిస్తీ ఆగితే మాట పడేది ఆ లీడరే కనుక, మీరు ఆమెను పక్కన పెట్టినట్టు అనిపించిన రోజున సంఘం మీకే దూరమవుతుంది. సభ్యుల మౌనానికి కారణం చాలాసార్లు బిడియం కాదు, బాకీ. ఎవరు ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారో, ఎవరు ఎవరి పొలంలో కూలికి వెళ్తున్నారో తెలుసుకోకుండా అందరి ముందు అభిప్రాయం అడిగితే, ఆ సభ్యురాలిని ఇబ్బందిలో పెట్టినవారమే అవుతాం.

అభిప్రాయం అడగడానికి బదులు పని పంచండి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు (సంఘం సొమ్ములోంచి సభ్యులకే ఇచ్చేది), సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలలోనే అందుకు చోటుంది. కిందటి సమావేశపు తీర్మానాన్ని చదువు వచ్చిన ఒక సభ్యురాలి చేత పైకి చదివించండి. వసూలైన సొమ్మును మరొకరిని చాప మీద అందరికీ కనబడేలా లెక్కపెట్టి, మొత్తం పైకి చెప్పమనండి. తన గొంతు ఆ గుంపులో ఒకసారి వినబడిన మనిషికి రెండోసారి మాట్లాడటం అంత కష్టమనిపించదు. మీరు మాత్రం లీడరు పక్కన కూర్చోకండి. అందరూ ఆ వైపే చూస్తూ ఉండిపోతారు.

జవాబు (సమాజ కార్య అధ్యాపకుడు, విశాఖపట్నం)

పై సలహాతో ఏకీభవిస్తూ ఒక మాట చేరుస్తాను. బృందాలు ఏర్పడటం, ఘర్షణ పడటం, కట్టుబాట్లు ఏర్పరచుకోవడం, పనిలో దిగడం అనే దశలను అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో ప్రతిపాదించారు. విద్యార్థులు ఈ దశలను సంఘానికి అన్వయిస్తారు గాని, ఏళ్ల తరబడి నడుస్తున్న సంఘంలో కొత్తవారు తామేనన్న సంగతి గమనించరు. మొదటి కొన్ని వారాలు వారు మిమ్మల్ని పరిశీలిస్తున్నారని గ్రహించండి.

చర్చించే విషయం కూడా వారిదై ఉండాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న స్త్రీలు తమ ఇళ్లను కూలుస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు. 1992 నాటికి అది ఉద్యమమై, 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. ఆ మాటలు బయటి నుంచి వచ్చిన వారు పెట్టిన అజెండాలోంచి పుట్టలేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ధన్యవాదాలండి. ఇళ్ల దగ్గర వారు నాతో చెప్పిన ఇబ్బందులను సమావేశంలో నేను ప్రస్తావించవచ్చా?

జవాబు (స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, అనంతపురం)

వద్దమ్మా, పేరు చెప్పకపోయినా ఎవరి మాటో పల్లెలో ఇట్టే పోల్చుకుంటారు. "ఈ విషయం సంఘంలో మీరే ఎత్తితే నేను తోడుంటాను" అని ఆ ఇబ్బంది చెప్పిన సభ్యురాలితో ముందే అనండి. ఎత్తాలో వద్దో ఆమెనే తేల్చుకోనివ్వండి. మీ ఫీల్డ్‌వర్క్ ముగిసే తేదీని కూడా ఇప్పటి నుంచే అందరికీ చెబుతూ ఉండండి.