'హెన్లీ శిక్యం'లో శిక్యం అంటే?

మా అమ్మాయి పదో తరగతి. విసర్జన పాఠంలో 'హెన్లీ శిక్యం' దగ్గర ఆగి నన్నడిగింది. హెన్లీ మనిషి పేరని తెలుస్తోంది. శిక్యం సంగతి ఎవరైనా చెప్పగలరా?

జవాబు:
శిక్యం అంటే ఉట్టి అండీ. కావడికి వేలాడే తాళ్లనూ అలాగే అంటారు. హెన్లీ జర్మన్ శాస్త్రవేత్త, 1862లో కిడ్నీలోని ఈ సన్నని నాళాన్ని వర్ణించాడు. కిడ్నీ పై పొర వల్కలం, లోపలిది దవ్వ. (అరటి దవ్వలోని దవ్వే. ఎంత చక్కని మాట!) నాళం వల్కలం నుంచి దవ్వలోకి దిగి, అడుగున వంపు తిరిగి, మళ్లీ పైకి వెళ్తుంది. బొమ్మ చూస్తే వేలాడే ఉట్టి తాడే.

పాపకు దాని పని కూడా చెప్పండి. కిడ్నీ అంటే వడపోత అనేసి ఊరుకుంటాం. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి, బయటికి పోయేది లీటరున్నరో రెండో. మిగతాదంతా తిరిగి రక్తంలోకే. అందులో సగానికి పైగా శిక్యం చేరకముందే వెనక్కి వెళ్తుంది. శిక్యం గొప్పతనం వేరే ఉంది. దిగే భాగంలోంచి నీరు బయటికి పోతుంది. ఎక్కే భాగం నీటిని వదలదు, ఉప్పును మాత్రం బయటికి తోడేస్తుంది. దాంతో దవ్వ లోతుకు పోయేకొద్దీ ఉప్పు ఎక్కువవుతుంది. ఎండలో తిరిగొచ్చి నీళ్లు సరిగా తాగలేదనుకోండి, మెదడు దగ్గరి పిట్యూటరీ నుంచి వాసోప్రెస్సిన్ అనే హార్మోన్ వస్తుంది. దాంతో మూత్రం చివరగా వెళ్లే సంగ్రహణ నాళం నీటికి దారి ఇస్తుంది, ఉప్పటి దవ్వ ఆ నీటిని లాగేసుకుంటుంది. మూత్రం చిక్కబడి ముదురు పసుపుగా వచ్చేది అందుకే. కప్పకు ఈ శిక్యం లేదు, రక్తం కన్నా చిక్కటి మూత్రం అది చేయలేదు.

ఇంకొకరు:
మా నాన్నగారికి కాళ్ల వాపుకు లాసిక్స్ ఇచ్చారు. వేసుకున్న గంటలోపే బాత్‌రూమ్‌కి తిరుగుడే. దానికీ దీనికీ సంబంధం ఉందా? అలాగే, 'హెన్లీ మెలిక' అంటే పిల్లలకు సులువు కదా?

జవాబు:
ఉందండీ. ఎక్కే భాగంలో ఉప్పు తోడే పనిని ఆ మందు ఆపేస్తుంది. దవ్వలో ఉప్పు తగ్గుతుంది, నీటిని లాగే బలం పోతుంది, ఉప్పూ నీరూ కలిసి బయటికి పోతాయి. మెలిక మంచి మాటే, ఇంట్లో అలాగే చెప్పండి. పరీక్షలో మాత్రం శిక్యమనే రాయమనండి, పుస్తకంలో ఉన్నది అదే.